నల్ల మాత్రలు

జూన్ 4, 2023, ఆదివారం

చర్చి అయ్యాక విక్టోరియా ఆంటీ నా వెనకాల నిలబడి నా స్వెట్టర్ మీది వెంట్రుకలు ఏరి పారేశారు. చాలాసేపు ఏరారు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, ఒకసారి బ్లడ్ టెస్ట్ చేయించుకోమన్నారు. ఆంటీ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఏలూరు నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా దేనికైనా ముందు బ్లడ్ టెస్టే అంటారు. చేయించుకుంటానని చెప్పాను. చేయించుకోను.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. పాపిడి వెడల్పయింది. నాతో ఇంట్లో ఉండే ఆండాళ్ రోజూ నాకంటే ముందు లేచి, బాత్రూమ్ తూములో చేరిన జుట్టు తీసి పారేస్తుందని ఇవాళే తెలిసింది. నేను చూస్తే బాధపడతానట.

పాలకొల్లులో చదువుకునే రోజుల్లో అమ్మ పాఠాలు చెప్పడానికి పొద్దున్నే బడికి వెళ్ళిపోయేది. నా రెండు జడలూ నాన్నే వేసేవాడు. రైసు మిల్లులో మిషన్లు బాగుచేసే చేతులు. ఎంత గట్టిగా అల్లేవాడంటే సాయంత్రం దాకా కణతలు లాగేవి.

కరోనాలో నాన్న పోయి రెండేళ్ళయింది. జుట్టు ఊడటం అప్పుడు మొదలవలేదు, ఆస్ట్రేలియాలో ఈ టూవూంబా వచ్చాక మొదలైంది. కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడి నీళ్ళు పడలేదు, అంతే.

జూన్ 14

చైనా వైద్యం చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వృద్ధాశ్రమం వంటింట్లో నాతో పనిచేసే ఆవిడ మోకాళ్ళ నొప్పులకు అక్కడికే వెళ్తుంది. డాక్టరు పేరు లిన్. అరవై దాటి ఉంటాయి. బేకరీ పక్కన చిన్న గది, లోపలంతా ఎండిన నారింజ తొక్కల వాసన.

నా మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి. నాలుక చాపమంది. పాదాలు ముట్టుకుని చూసింది. తర్వాత ప్రశ్నలు. నిద్ర ఎలా పడుతుంది, పొద్దున ఏం తింటావు, నెలసరి సరిగ్గా వస్తోందా, అరిచేతులకు చెమట పడుతుందా. పొద్దున ఐస్ కాఫీ తాగి బస్సెక్కుతానని చెబితే ముఖం చిట్లించింది. ఇంకాసేపటికి, ఇంట్లో ఎవరు చనిపోయారని అడిగింది.

ఈ దేశం వచ్చి ఏడాది కావస్తోంది. ఆ మాట ఎవరూ అడగలేదు. నాన్న అన్నాను. ఆవిడ టిష్యూ డబ్బా నా వైపు జరిపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తమ వైద్యంలో దుఃఖం ఊపిరితిత్తుల్లో కాపురముంటుందని, దాన్ని తోసెయ్యకూడదని, ఒళ్ళంతా ఒకటే ఇల్లని, ఒక గదిలో నిప్పంటుకుంటే ఇంకో గదిలో పొగ వస్తుందని చెప్పింది. జుట్టు అన్నిటికంటే చివరి సంగతట. ముందు నిద్ర.

వేడినీళ్ళలో కలుపుకునే గోధుమరంగు పొడి ప్యాకెట్లు ఇచ్చింది. పొద్దున్నే వేడి జావ తాగాలి. చల్లటివి మానాలి. పాదాలకు మేజోళ్ళు వేసుకోవాలి. పడుకునే ముందు ఫోను వేరే గదిలో పెట్టాలి. అమ్మమ్మ చెప్పే వేడి, చలువ లాంటివే ఇవన్నీ. నవ్వొచ్చింది. బ్లడ్ టెస్ట్ కూడా చేయించుకుని రమ్మంది, అదొక్కటే నచ్చలేదు. ఇంకే మందు మొదలుపెట్టినా తనకు తప్పకుండా చెప్పాలని రెండుసార్లు అంది.

జూలై 2

నిద్ర పడుతోంది. నిజంగానే. రాగి జావ తాగుతున్నాను. జుట్టు మాత్రం అలాగే ఊడుతోంది.

జూలై 9, ఆదివారం

ఆండాళ్ ఒక సీసా తెచ్చింది. నల్లటి చిన్న మాత్రలు, మిరియాల కంటే కొంచెం పెద్దవి. సీసా మీద అన్నీ చైనా అక్షరాలు, నడుం దాటిన జుట్టుతో ఒక ఆడమనిషి బొమ్మ. బ్రిస్బేన్‌లో ఎవరో తెలిసినవాళ్ళు తెప్పిస్తారట. తనూ వేసుకుంటోంది. గాటన్‌లో ఉండే షీనాకు కూడా ఇచ్చింది. షీనాది అమలాపురం. అక్కడ చదువుకుంటూ కూరగాయల షెడ్డులో ప్యాకింగ్ పని చేస్తుంది, నెలకోసారి మా చర్చికి వచ్చి పాడుతుంది. మా అందరిలో చిన్నది.

డాక్టరు మందు వాడుతున్నాను కదా అన్నాను.

"గా పొడితోని ఎప్పటికి అయితది? ఏడాది పడ్తది. ఇది గూడ గదే చైనా మందు, జెర స్ట్రాంగ్, గంతే. నేను ఏస్కుంటలేనా? నాకేమన్న అయిందా?" అంది.

ఆండాళ్‌కు ఏమీ కాలేదు. జుట్టు నిగనిగలాడుతోంది కూడా. మూలిక మూలికే. మాత్రలా కనిపిస్తుంది గాని ఏదో చెట్టు వేరు అంతే.

జూలై 12

లిన్ డాక్టరు నాడి చూసి కొంచెం నయమంది. ఇంకేమైనా వాడుతున్నావా అని మళ్ళీ అడిగింది. లేదన్నాను. ఆ మాట ఎందుకు వచ్చిందో తెలీదు. రెండూ ఒకే దేశం మందులు కాబట్టి వేరేగా చెప్పేదేముంది అనిపించింది.

బ్లడ్ టెస్ట్ సంగతి అడిగింది. వచ్చే వారం అన్నాను.

జూలై 30

దువ్వెనలో సగానికి సగం తగ్గింది! ఆండాళ్ నా నడినెత్తి ఫోటో తీసి పాత ఫోటో పక్కన పెట్టి చూపించింది. షీనా ఫోన్ చేసి, "అక్కా, నాకూ కొత్త వెంట్రుకలొత్తన్నాయి, నుదుటి కాడ ముళ్ళల్లే గుచ్చుకుంటన్నాయి" అని ఒకటే నవ్వు. చాలా రోజులకి ఇంట్లో ముగ్గురం గట్టిగా నవ్వాం, ఒకరు ఫోన్లో అయినా.

ఆగస్టు 9

తిండి సహించడం లేదు. అసైన్‌మెంట్ల ఒత్తిడి.

ఆగస్టు 13

ఒళ్ళంతా దురద. ఇది కొండ మీది ఊరు, ఆగస్టులో పడమటి గాలికి చర్మం ఎండిపోతుందని అందరూ చెబుతారు. కొబ్బరినూనె రాసుకున్నాను.

ఆగస్టు 17

మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోంది. నీళ్ళు తక్కువ తాగుతున్నాను. ఎక్కువ తాగాలి.

ఆగస్టు 19

ఎక్కువ తాగాను. అదే రంగు.

ఆగస్టు 20

అమ్మ వీడియో కాల్ చేసింది. ముఖం అదోలా ఉందేమిటే అంది. గదిలో పసుపు బల్బు అని చెప్పి దీపం ఆర్పేశాను. అప్పుడు నేను కనబడటం లేదంది. మాట వినబడుతోంది కదా అన్నాను.

ఇవాళ చర్చికి వెళ్ళలేదు. విక్టోరియా ఆంటీ చూస్తారు.

ఆగస్టు 23

లిన్ డాక్టరు నా ముఖం చూడగానే లేచి నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. కింది కనురెప్ప లాగి చూసింది. నాడి చూడలేదు, నాలుక చూడలేదు. అన్ని మందులూ ఇప్పుడే ఆపేసి, ఇక్కడి నుంచే ఎమర్జెన్సీకి వెళ్ళమంది. కాలేయం దెబ్బతింటోందట, ఇది తన పని కాదట. తనే కారులో దించుతానంది. ఇంకేం వాడావు, నిజం చెప్పు అంది.

ఏమీ లేదన్నాను.

ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. ఒళ్ళంతా ఒకటే ఇల్లు అని ఇన్నాళ్ళూ చెప్పి, చివరికి ఆవిడా ఆసుపత్రికే పొమ్మంది. బయట ఇంకో పేషెంటు కూర్చుని ఉంది. స్నేహితురాలు తీసుకెళ్తుందని చెప్పి వచ్చేశాను.

నాన్న ఆసుపత్రికి తన స్కూటర్ మీద తనే వెళ్ళాడు. కొంచెం ఆయాసంగా ఉంది, చూపించుకుని వస్తానన్నాడు. ఆ స్కూటర్ ఇంటికి తెచ్చుకోవడానికి బాబాయి వెళ్ళాడు. నాన్నను ఎవరూ తేలేదు. కట్టేసిన సంచీ దూరం నుంచి చూపించారట, అది కూడా బాబాయికే.

నేను వెళ్ళను. కామెర్లు ఎవరికి రావు.

ఆగస్టు 25

ఆండాళ్ పథ్యం పెడుతోంది. ఉప్పూ కారం లేని మజ్జిగన్నం. వాళ్ళ కరీంనగర్ వైపు కామెర్లకు పసరు పోస్తారట, ఇక్కడ పసరు దొరకదు కాబట్టి ఇండియన్ షాపు నుంచి నేల ఉసిరి పొడి తెప్పించింది. నా కాళ్ళు పిసుకుతుంది. క్లాసు మానేసి నా పక్కనే కూర్చుంటుంది. సొంత అక్క కూడా ఇంత చెయ్యదు.

నల్ల మాత్రలు ఆపేశాను. అంటే పొద్దుటివి ఆపేశాను. సాయంత్రానివి వేసుకుంటున్నాను, ఒక్కసారిగా మానేస్తే జుట్టు మళ్ళీ మొదలవుతుంది.

లిన్ డాక్టరు మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఆగస్టు 27

లిన్ డాక్టరు నంబరు బ్లాక్ చేశాను. ఇప్పుడు ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు 30

పగలంతా నిద్రపోయాను. పనికి వెళ్ళడం మర్చిపోయాను. పని అంటే వృద్ధాశ్రమం. గరిటెను ఏమంటారో గుర్తు రాక దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆండాళ్ గరిటె అంది.

ఆండాళ్ ఏడుస్తోంది. ఎందుకో చెప్పదు.

సెప్టెంబర్ 2

అమ్మకు ఫోన్ చెయ్యాలి.

స్కూటర్ తాళం కనబడటం లేదు.

సెప్టెంబర్ 3

అమ్మకు ఫోన్ చెయ్యాలి. చేశావంటుంది ఆండాళ్. ఆదివారం. చర్చికి చెప్పు ఒకటే ఉంది. అమ్మకు

అక్టోబర్ 1, ఆదివారం, బ్రిస్బేన్

చెయ్యి వణుకుతోంది. మందుల వల్లట. అక్షరాలు నావిలా లేవు.

పైది చదివాను. అది రాసినట్టు గుర్తు లేదు.

ఆ మర్నాడు ఉదయం నేను వాషింగ్ మిషన్లో బియ్యం పోస్తుంటే ఆండాళ్ అంబులెన్సు పిలిచిందట. టూవూంబాలో ఒక్క పూట ఉంచి ఇక్కడికి పంపేశారట. నా కాలేయం పూర్తిగా పాడైపోయింది. ఇప్పుడు నాలో ఉన్నది వేరే ఎవరిదో. ఎవరిదో చెప్పరు, చెప్పకూడదట. పొట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కోత. ఈ మాటలన్నీ విక్టోరియా ఆంటీ మెల్లగా, విడివిడిగా చెప్పారు. అమ్మకు పాస్‌పోర్టు లేదు. రోజూ ఆంటీకి ఫోన్ చేసి నా ఊపిరి వినిపించమంటుందట.

అన్నీ చెప్పాక ఆంటీ, "ఆ చైనా డాక్టరమ్మ తగిన శాస్తి అనుభవిస్తోందిలే" అన్నారు.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగిందట, చైనా ఆవిడ తెలుగు పిల్లకు విషం పెట్టిందని. ఎవరో వెళ్ళి ఆవిడ గది అద్దాల మీద ఎర్ర రంగు కొట్టారు. విచారణ అయ్యేదాకా వైద్యం చెయ్యొద్దని ప్రభుత్వం ఆపింది. ఆవిడ పొడి అని ఎలా తెలిసిందని అడిగాను. అంబులెన్సు వాళ్ళు ఏం వాడుతోందని అడిగితే ఆండాళ్ ఆ ప్యాకెట్లే తీసి ఇచ్చిందట.

అలసటగా ఉంది. కళ్ళు మూసుకున్నాను.

అక్టోబర్ 3

ఆండాళ్ వచ్చింది. చిక్కిపోయింది. నా గోళ్ళు తీసింది. నర్సు బయటికి వెళ్ళాక సీసా ఏదని అడిగాను.

"పారేసిన" అంది, నా గోళ్ళ వైపే చూస్తూ.

"డాక్టర్లకు ఎందుకు చెప్పలేదు?"

"భయమైంది ఎల్సా. నేనే ఇచ్చిన్నని తెలిస్తే నన్ను జైల్ల ఏస్తరు. నువ్వు బతుకుతవని గూడ ఎవ్వలు చెప్తలేరు."

షీనా సంగతి అడిగాను. ఎప్పుడో బందు చేసింది, మంచిగున్నది అని చెప్పింది.

మంచిదన్నాను. ఆండాళ్ అబద్ధం చెప్పదు. అంటే నాతో చెప్పదు.

అక్టోబర్ 4

షీనా బాగుందట. ఆండాళ్ చెప్పింది కదా.

అక్టోబర్ 6

షీనాకు నిన్న మెసేజ్ పెట్టాను. జవాబు ఇవాళ వచ్చింది. షెడ్డులో డబుల్ షిఫ్టులట, బాగా నీరసంగా ఉంటోందట. నన్ను చూడటానికి వస్తుందట. చివర్న ఇలా ఉంది: అక్కా నా జుట్టు చూత్తే నమ్మవు, మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. సాయంత్రం ఎత్తింది. మాత్రలు ఆపమని అరిచాను, కుట్లు లాగాయి. షీనా బిత్తరపోయింది. నీకు డాక్టరమ్మ పొడి పడలేదు కదా అక్కా, మాత్రలకేంటి అంది. ఆండాళ్ అక్కే చెప్పింది, మాత్రలు మంచివేనని.

కళ్ళు ఏ రంగులో ఉన్నాయని అడిగాను. షెడ్డులో దీపాలకి సరిగ్గా తెలవదక్కా అంది.

విక్టోరియా ఆంటీ పక్కనే కూర్చుని వింటున్నారు. అంతా చెప్పేశాను. సీసా, ఆండాళ్, డాక్టరు అడిగినప్పుడల్లా నేను లేదన్న మాట. నన్ను తిడతారనుకున్నాను. బ్యాగులోంచి కారు తాళాలు తీసి, గాటన్ మా ఇంటి దారిలోనేగా అని లేచారు.

అక్టోబర్ 8, ఆదివారం

ఆంటీ వెళ్ళేసరికి షీనా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని క్యాబేజీలు సర్దుతోందట. ఎండ పడటం లేదని అందరికీ చెప్పిందట. ఆంటీ అద్దాలు తీసి చూసి, షెడ్డులోనే కూలబడి ఏడ్చారట. ఇరవయ్యేళ్ళుగా నర్సు.

సీసా దొరికింది. సగం ఖాళీ. డాక్టర్లు పట్టుకెళ్ళారు.

ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చి నా మంచం పక్కన కూర్చుని అంతా రాసుకుంది. లిన్ డాక్టరు నన్ను ఎన్నిసార్లు అడిగిందో, ఆ రోజు ఎమర్జెన్సీకి దించుతానందో లేదో, తర్వాత ఫోన్లు చేసిందో లేదో, అన్నీ చెప్పాను. మాత్రలు ఎవరిచ్చారని అడిగింది.

నా కాళ్ళు పిసికిన చేతులు. తూములో నా జుట్టు తీసిన చేతులు. ఆ రోజు అంబులెన్సు పిలవకపోతే నేను లేను.

ఆండాళ్ పేరు చెప్పాను. ఇంటిపేరు కూడా అడిగింది. అదీ చెప్పాను.

అక్టోబర్ 12

షీనాను ఇక్కడికే తెచ్చారు. నాకంటే పై అంతస్తు. ఫిజియో ఆవిడ నన్ను నడిపించాలి కాబట్టి అక్కడికే నడిపించమన్నాను. గొట్టాల స్టాండు తోసుకుంటూ వెళ్ళాను. నన్ను చూసి షీనా నవ్వింది. ముఖం పసుపు రాసినట్టుంది. జుట్టు మాత్రం దిండు మీద ఒత్తుగా పరుచుకుని ఉంది. దాన్ని చూడలేకపోయాను.

కోశాక నొప్పిగా ఉంటుందా అని అడిగింది. ఉంటుంది, తర్వాత తగ్గుతుందన్నాను. వేరేవాళ్ళది లోపల పెట్టుకుంటే తెలుస్తుందా అంది. తెలీదన్నాను. నిజానికి నాకు తెలుస్తుంది.

"అక్కా, మా అమ్మకి మాత్రల సంగతి చెప్పమాక. జుట్టు కోసం ఇంత చేసుకున్నానని తెలిత్తే తట్టుకోలేదు. నీకు అయినట్టే నాకూ అయ్యిందని చెప్పు."

చెప్పనన్నాను.

అక్టోబర్ 15

షీనా మాటలు తడబడుతున్నాయి. నన్ను జ్ఞానం అంటోంది. జ్ఞానప్రసూన వాళ్ళమ్మ పేరు. ఇంట్లో అమ్మను అలాగే పిలుస్తుందని నాకు తెలీదు.

దేశం మొత్తంలో ముందు షీనాకే ఇస్తారట, కుదిరే కాలేయం రావాలి. నా విషయంలో రెండో రోజే వచ్చింది. షీనా బ్లడ్ గ్రూపు వేరు.

అక్టోబర్ 16

రాలేదు.

అక్టోబర్ 17

వచ్చింది. మధ్యాహ్నం చెప్పారు, నేను బిగ్గరగా ప్రార్థన చేశాను, పక్క మంచం ముసలావిడ కూడా చేతులు జోడించింది. సాయంత్రానికి ఆంటీ వచ్చి చెప్పారు. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకిందట, ఇప్పుడు కోస్తే బల్ల మీదే పోతుందట. ఆ కాలేయం వేరే ఎవరికో వెళ్ళింది.

అక్టోబర్ 18

షీనా పోయింది.

అక్టోబర్ 21

ఆండాళ్ వచ్చింది. అధికారులు ఇంటికి వచ్చి వెళ్ళారట. యూనివర్సిటీ వాళ్ళు కూడా పిలిచారట. గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నువ్వే చెప్పినవని తెల్సు" అంది.

"అవును."

"నేను గూడ గవే మాత్రలు ఏస్కున్న ఎల్సా. రోజూ. నాకు ఏం గాలే. ఇప్పటికి గూడ ఏం గాలే. డాక్టర్లు నా రక్తం తీసి చూసిన్రు, అంతా మంచిగున్నదట." ఆ మాట చెబుతూ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "నీకు గట్లయినంక షీనాకు ఆపమని చెప్దామని ఫోన్ తీస్కున్న. చెప్తే ఎందుకని అడుగుతది. అడిగితే ఏం చెప్పాలె? రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్న. మంచిగనే ఉన్నదిగదా అనుకున్న."

నాకు తిట్టాలనిపించింది. నోరు తెరిస్తే, నేనూ అలాగే అనుకున్నాను మూడు రోజులు, అన్న మాట వచ్చింది. అంతకుముందు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. షీనా బాగుందని ఆండాళ్ చెప్పిన రోజే నేను ఫోన్ చేసి గట్టిగా అడిగి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లను అడిగాను. చెప్పలేమన్నారు.

వెళ్ళేముందు, నేను బతికినందుకు సంతోషంగా ఉందని చెప్పింది. అది నిజమే. తను నాతో చెప్పినవాటిలో ఎన్ని నిజాలో నాకు తెలీదు గాని, అది మాత్రం నిజం.

నవంబర్ 11

డిశ్చార్జి అయ్యి పది రోజులు. ఆసుపత్రికి దగ్గర్లో విక్టోరియా ఆంటీ స్నేహితుల ఇంట్లో ఉంటున్నాను. ఇవాళ లిన్ డాక్టరు వచ్చింది. నేనే కబురు పెట్టాను, టూవూంబా వెళ్ళే ఓపిక నాకింకా లేదు. బస్సులో వచ్చింది.

క్షమించమని అడగడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ అడగనివ్వలేదు. తనే మాట్లాడింది. విచారణలో తప్పు లేదని తేల్చారట, మళ్ళీ వైద్యం చేసుకోవచ్చట. కాని గది ఖాళీ చేసేసింది. ఎర్ర రంగు తుడిచినా మనుషులు రావడం లేదు. కూతురి దగ్గరికి పెర్త్ వెళ్తోంది. వయసైపోయింది కాబట్టి మానేస్తున్నానని అందరికీ చెబుతోందట.

"అది నిజం కాదు" అంది. "ఇంకో పదేళ్ళు చేసేదాన్ని."

నేను తల దించుకున్నాను.

"ఆ రోజు బయట ఇంకో పేషెంటు కూర్చుని ఉంది. ఆమెకు నడుం నొప్పి. ఆమెను పంపేసి, తలుపు మూసి, నిన్ను కారెక్కించి ఉండాల్సింది. నువ్వు మాత్రల గురించి చెప్పనందుకు నాకు బాధ లేదు. భయపడినవాళ్ళు చెప్పరు. నీ భయం నేను చేత్తో పట్టుకుని చూశాను. అయినా నిన్ను వెళ్ళనిచ్చాను."

ఆవిడ తప్పేమీ లేదని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. విచారణలో రెండో అమ్మాయి సంగతి విన్నదట, తను ఎలా ఉందని అడిగింది. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయి వయసెంతని అడిగింది. చెప్పాను. చైనా భాషలో ఏదో అనుకుంది. నేను అర్థం అడగలేదు.

నవంబర్ 19, ఆదివారం

షీనా వాళ్ళమ్మ ఫోన్ చేశారు. షీనాను అమలాపురం పంపించినప్పటి నుంచి ఆవిడ ఫోన్ ఎత్తడానికి భయపడుతున్నాను. విక్టోరియా ఆంటీ తన నంబరు నుంచి కాన్ఫరెన్స్ కలిపారు, అందుకే ఎత్తాను.

ఆవిడ ఏడవలేదు. సమాధి కట్టడం అయిందని, పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెక్కించామని చెప్పారు. షీనా చివరి రోజుల్లో ఏం మాట్లాడిందని అడిగారు. నన్ను చూసి మీ పేరు పెట్టి పిలిచిందని చెప్పాను. ఇంట్లో కోపమొస్తే అలా పిలిచేదని అన్నారు. కోపంగా కాదండీ, మామూలుగానే పిలిచింది అన్నాను.

తర్వాత గొంతు మారింది. ఆ చైనాదాన్ని వదిలేశారట గదా అన్నారు. నా కూతుర్ని చంపిన మనిషి హాయిగా తిరుగుతోందట గదా. ఉదయం ప్రార్థనలో ఆవిడకు శిక్ష పడాలని అడుగుతున్నానన్నారు. రోజూ అడుగుతున్నారట.

చెప్పనని షీనాకు మాటిచ్చాను. ఆ మాట నా నోట్లో ఉంది.

ఆవిడ ఏమీ చెయ్యలేదండీ అన్నాను. షీనా అసలు ఆవిడ దగ్గరికి వెళ్ళనే లేదు. మేము మాత్రలు వేసుకున్నాం. జుట్టు కోసం. షీనా, నేను, ఇంకో అమ్మాయి. ఒకే రకం మాత్రలు. మాకు ఎవరూ బలవంతంగా పెట్టలేదు. ఆ డాక్టరు నన్ను చూసి ఆసుపత్రికి పొమ్మంది, నేను వెళ్ళలేదు. మీ అమ్మాయి మీకు చెప్పొద్దంది, మీరు తట్టుకోలేరని. నేను చెప్పేశాను. నన్ను క్షమించండి.

ఫోన్ కట్ అయిందనుకున్నాను. వెనకాల ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది, కాబట్టి ఆవిడ అక్కడే ఉన్నారు.

"జుట్టు కోసమా" అన్నారు.

"అవునండీ."

"దానికి నా జుట్టే వచ్చింది. పల్చన. చిన్నప్పట్నించీ నన్ను తిట్టేది, నీ జుట్టిచ్చావని." మళ్ళీ ఆగారు. "నువ్వూ అయ్యే వేసుకున్నావు."

"అవునండీ."

"మరి నీకు దొరికింది గదమ్మా. మా పిల్లకెందుకు దొరకలేదు?"

బ్లడ్ గ్రూపు, ఇన్ఫెక్షన్, అన్నీ నాకు తెలుసు. డాక్టర్లు చెప్పిన కారణాలన్నీ వరసగా చెప్పగలను. ఒక్కటీ చెప్పలేదు. తెలీదండీ అన్నాను. నాకు తెలీదు.

ఆవిడ అప్పుడు ఏడ్చారు. నేను వింటూ కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. సాయంత్రం మందులు వేసుకోవాల్సిన వేళ దాటిపోతోందని ఇంటావిడ గుమ్మంలోంచి సైగ చేసింది. నేను కదల్లేదు. తర్వాత అమలాపురంలో ఎవరో ఆవిడను పిలిచారు, వస్తున్నాననే మాట వినిపించింది.

ఫోన్ పెట్టే ముందు ముక్కు చీదుకుని, "రేపూ చెయ్యమ్మా" అన్నారు.

చేస్తానన్నాను.